చెత్తబుట్టలోని చప్పుడు

విన్నారు. మీరందరూ విన్నారు. నేలట్యాంకు మూతల చుట్టూ సిమెంటు పూయించినవాళ్ళు, లోపల ఎవరూ లేరని సంతకం పెట్టినవాళ్ళు, వచ్చే వారం వదలాల్సిన నీళ్ళని రేపు పొద్దున్నకే ముందుకు జరిపినవాళ్ళు, ఒక్కొక్కరూ ఆ చప్పుడు విన్నవాళ్ళే. మాకు తెలీదని ఎవరైనా అనాలనుకుంటే నా ఎదురుగా నిలబడి అనండి. ఇంజనీరు గారి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించింది నేనే. ఆయన గొంతులో గుటక పడడం చూసిందీ నేనే.

మొదటి నుంచీ చెప్తాను. అంత ఓపిక లేనివాళ్ళు చివరి మాటలు చదివి, లేచి, చెప్పిన పని చేయండి. నాకు అదీ చాలు.

నాది నీళ్ళ ఆఫీసు వెనక సందులో జిరాక్స్ షాపు. ఎవరు ఎవరి మీద అర్జీ పెట్టినా నా మిషను మీంచే పోవాలి. నాకు చదువు బళ్ళో అబ్బింది తక్కువ, ఆ కాగితాల మీద అబ్బింది ఎక్కువ. షాపు వెనక ఒక గది ఉంది. సగం గది నిండా కాగితం కట్టలు, మిగతా సగంలో ఒక పొడుగు బల్ల. ఆ బల్ల మీద కొన్నేళ్ళుగా పెత్తనమంతా మా మామయ్యది. మా అమ్మ తమ్ముడు. రేడియోలు బాగుచేసేవాడు. రేడియోలు పోయాక టీవీలు పట్టుకున్నాడు. టీవీలు కూడా పోయాక చేతులు ఊరుకోక ఊరి గొట్టాల మీద పడ్డాడు.

ఆయన చేసే పని చూడడానికి పిల్లలాటలాగే ఉంటుంది. పాడైన ఆటబొమ్మలోంచో, పాట పాడే గ్రీటింగ్ కార్డులోంచో పల్చటి ఇత్తడి బిళ్ళ ఒకటి పీకుతాడు. దాన్ని మైనంతో కుళాయి మెడకి అంటిస్తాడు. బిళ్ళ తీగని రికార్డరుకి తగిలిస్తాడు. ఇక భూమిలోపల గొట్టంలో ఏం జరుగుతోందో చెవిలో చెప్పినట్టు వినిపిస్తుంది. గొట్టం పగిలిన చోట నీళ్ళు బుస కొడతాయి. ఈ కుళాయి దగ్గర బుస ఎంత, ఆ కుళాయి దగ్గర ఎంత అని పోల్చి చూస్తే పగులు ఎక్కడుందో తెలిసిపోతుంది. ఆఫీసు వాళ్ళు రోడ్డంతా తవ్విపోసినా దొరకని లీకుని మామయ్య బేకరీ మెట్ల కింద చూపించాడు. అక్కడ గునపం దించగానే నీళ్ళు ఆఫీసు వాళ్ళ మొహం మీదికే చిమ్మాయి. ఆ రోజు నుంచి ఆయన్ని పట్టుకునేవాళ్ళు లేరు. ఆయనతో పళ్ళ డాక్టరమ్మ చేరింది, ఇంకో నలుగురైదుగురు చేరారు. వీధివాళ్ళు వీళ్ళకి గొట్టంగాళ్ళని పేరు పెట్టారు. మామయ్య ఆ పేరుతోనే రబ్బరు స్టాంపు చేయించుకున్నాడు. సిగ్గుపడే వంశం కాదు మాది.

మామయ్యకి ఒక సూత్రం ఉంది. తడబడుతూ వచ్చేది నీళ్ళు, తప్పకుండా వచ్చేది మిషను. మోటారు, ఫ్రిజ్, కుట్టుమిషను, ఇలా ఒకే వరసలో తిరిగి తిరిగి వచ్చే చప్పుళ్ళన్నిటినీ ఆయన కంప్యూటరు తనంతట తనే ఏరి పక్కన పడేస్తుంది. ఆ పడేసే చోటుకి ఆయన పెట్టిన పేరు చెత్తబుట్ట. రికార్డు చేసిన ప్రతిసారీ అందులోకి కొంత పోయేది. అందులో ఏం పోగయిందో ఇన్నేళ్ళలో ఒక్కరూ వినలేదు. చెత్తని ఎవరు వింటారు?

డాక్టరమ్మ వింది. అదీ దేన్నో కనిపెడదామని కాదు. ఆవిడ ఆసుపత్రిలో పళ్ళు తొలిచే మిషను చప్పుడు తమ కుళాయిలోంచి వస్తోందని పక్కింటావిడ రోజూ తగువు. అది నిజమో కాదో తేల్చుకుందామని ఒక మధ్యాహ్నం మా వెనక గదిలో కూర్చుని చెత్తబుట్ట తెరిచింది. నేను ముందు గదిలో ఎవరివో ఇంటి పత్రాలు తీస్తున్నాను. ఆవిడ మాట వినిపించింది.

"మామయ్యగారూ, నా మిషను దొరికింది. పక్కింటావిడ చెప్పింది నిజమే. కానీ దాని వెనకాల ఇంకోటి ఉంది."

"ఉంటుంది. ఏ మోటారో అయ్యుంటుంది."

"ఎవరో తలుపు తడుతున్నట్టుందండీ."

"బేరింగు అరిగితే అట్లాగే కొట్టుకుంటుందమ్మా."

"బేరింగు ఊపిరి తీసుకోవడానికి ఆగదు కదా."

మామయ్య హెడ్‌ఫోన్ల తీగ పీకేసి చప్పుడు బయటికి పెట్టాడు. చిన్న స్పీకరు, గరగరలాడింది. తరవాత ఠంగ్ ఠంగ్. కాస్త ఆగి, మళ్ళీ ఠంగ్ ఠంగ్. ఆ తరవాత చాలాసేపు ఏమీ లేదు. అలసిపోయిన మనిషి చెయ్యి దించుకుని, మళ్ళీ ఎత్తేదాకా పట్టేటంత సేపు. మళ్ళీ ఠంగ్ ఠంగ్.

సరిగ్గా అప్పుడే మా తమ్ముడు భోజనం డబ్బా కోసం వచ్చాడు. వాడు నీళ్ళ ఆఫీసులో ఫిట్టరు. వాల్వులు తిప్పడం, గొట్టాలు బిగించడం వాడి పని. ఎప్పుడొచ్చినా ముందు నాతో ఒక మాట తగువాడి గానీ డబ్బా ముట్టుకోడు. ఆ రోజు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎవరు కొడుతున్నారక్కా?"

"మోటారంటున్నాడు మామయ్య."

"మోటారు నీళ్ళు ఆపమని అడుగుతుందా?"

మామయ్య వాడివంక చూశాడు. వాడు బల్ల దగ్గరికొచ్చి, వేలితో బల్ల మీద కొట్టి చూపించాడు. ఫిట్టర్లకి ఇది రోజూ వాడే మాటట. ట్యాంకులో దిగినవాడు అరిస్తే గోడలు ఆ అరుపుని నాలుగు ముక్కలు చేసి తిప్పి కొడతాయి, పైనున్నవాడికి ఒక్క ముక్కా అర్థం కాదు. ఫోన్లు కిందికి పనిచేయవు. అందుకని పానాతో గొట్టం మీద కొడతారు. ఒక దెబ్బ అంటే విన్నాను. రెండు, ఆగి రెండు అంటే నీళ్ళు ఆపు. మూడు దెబ్బలంటే పైకొస్తున్నాను, నిచ్చెన పట్టుకో. ఇంతే, ఇంకో మాట లేదు. మూడు దెబ్బలు వినిపిస్తే పైనున్నవాడు ఎవరైనా సరే, చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి నిచ్చెన పట్టుకోవాలి. కిందున్నది ఎవరని అడగకూడదు. పొద్దున్నే కొట్టుకున్న శత్రువైనా పట్టుకోవాల్సిందే.

"ఇది ఎక్కడ రికార్డు చేశారు మామయ్యా?"

"డాక్టరమ్మ ఆసుపత్రి కింద గదిలో. మొన్ననే."

ఆసుపత్రి గోడకి అవతలే నేలట్యాంకు. మీకు తెలుసు, తెలీనివాళ్ళకి చెప్తున్నాను. ఎప్పుడో పెద్దల కాలంలో కట్టి వదిలేసిన ట్యాంకు. కలుపు మొలిచి, మూతలు తుప్పుపట్టి, అక్కడొకటుందని కూడా అందరూ మర్చిపోయారు. ఊరికి నీళ్ళు చాలడం లేదని ఈ మధ్య దాన్ని తెరిచి, లోపల కొత్తగా పూత పూసి, కొత్త వాల్వులు బిగించి, మూతలు వేసి, వాటి చుట్టూ సిమెంటు పూశారు. వాల్వులు బిగించినవాళ్ళలో మా తమ్ముడూ ఉన్నాడు. లోపల చుక్క నీరు లేదు. నీళ్ళు లేని ట్యాంకులోంచి నీళ్ళు ఆపమని ఎవరడుగుతారు?

తమ్ముడు డబ్బా తెరవలేదు. అక్కడే నిలబడి తనతో పనిచేసిన ఫిట్టర్లందరికీ ఫోను చేశాడు. అందరూ పలికారు. ఒకడు స్నానం చేస్తూ పలికాడు, ఒకడు నిద్రలోంచి బూతులతో పలికాడు. అందరూ భూమి మీదే ఉన్నారు. ఆ తరవాత పూత పని చేయించిన మేస్త్రికి చేశాడు. ఆ మాటలు నేనూ విన్నాను, స్పీకరు పెట్టాడు కాబట్టి.

"మీ వాళ్ళందరూ పైకొచ్చారా మేస్త్రీ?"

"వచ్చారు. తాపీలు సరిపోయాయి, గమేళాలు సరిపోయాయి, బకెట్లు సరిపోయాయి."

"మనుషులో?"

"సామాను సరిపోతే మనుషులు సరిపోయినట్టే కదయ్యా. సామాను వదిలేసి మనిషొస్తాడేమో గానీ, మనిషిని వదిలేసి సామాను ఎట్లా వస్తుంది?"

అదీ పద్ధతి. రోజూ పొద్దున కూలీల అడ్డా మీద దొరికినవాణ్ణి దొరికినట్టు తెచ్చుకోవడం, సాయంత్రం తాపీలు లెక్కపెట్టుకుని మూత వేయడం. సామాను మేస్త్రి సొంతం, పోతే ఆయనకే నష్టం. మనిషి పోతే రేపు అడ్డా మీద ఇంకొకడుంటాడు. తాపీకున్న విలువ దాన్ని పట్టుకున్న చేతికి లేదు. ఈ మాట అంటే నాకు నోటి దురుసు అంటారు. నా నోరు సంగతి తరవాత, ముందు మీ లెక్క సంగతి చూసుకోండి.

మేం నలుగురం డాక్టరమ్మ ఆసుపత్రి కింద గదికి వెళ్ళాం. తెల్ల పలకల గది. పాత కుర్చీలు, విరిగిన దీపపు స్టాండు, పనికిరాని పళ్ళ అచ్చులు నిండిన అట్టపెట్టెలు. మూల గోడలోంచి బయటికొచ్చి ఒక కుళాయి. ఆ గొట్టం ట్యాంకు పక్కనుంచే వస్తుంది. మామయ్య బిళ్ళ అంటించి స్పీకరు పెట్టాడు. ఎంతకీ ఏమీ లేదు. పైన ఎవరిదో పన్ను తొలిచే మిషను కూడా ఆగి ఉంది. డాక్టరమ్మ పేషెంట్లని కూర్చోబెట్టి వచ్చింది.

అప్పుడొచ్చింది. ఠంగ్ ఠంగ్. ఆగి, ఠంగ్ ఠంగ్. స్పీకరులో మాత్రమే కాదు. కుళాయి మీద చెయ్యి పెడితే చేతికి తెలిసింది.

తమ్ముడు తన పానా తిరగేసి, గొట్టం మీద ఒక్క దెబ్బ కొట్టాడు. విన్నాను అని.

ఆ తరవాత ఉన్న నిశ్శబ్దం ఎట్లా ఉందో నాకు రాయడం చేతకాదు. ఒక గదిలో మాట్లాడుకుంటున్నవాళ్ళు మనం తలుపు తీయగానే ఆపేస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. కాసేపటికి కింది నుంచి ఒక్క దెబ్బ వచ్చింది. ఠంగ్.

"ప్రతిధ్వని," అన్నాడు మామయ్య. "మన దెబ్బే తిరిగొచ్చింది."

తమ్ముడు మళ్ళీ కొడదామని పానా ఎత్తాడు. ఎత్తాడు, అంతే. ఇంకా దించలేదు. ఠంగ్ అని కిందనుంచే వచ్చింది.

డాక్టరమ్మ మెల్లగా అంది. "మనం కొట్టకముందే తిరిగొస్తుందా అండీ ప్రతిధ్వని?"

తమ్ముడు పానా కింద పెట్టేసి పాత కుర్చీలో కూలబడ్డాడు. వాడి చేతులు వాడే చూసుకుంటున్నాడు.

"అక్కా, ఆ చప్పుడు నా పానాదే."

"నీ పానా నీ చేతిలోనే ఉంది కదరా."

"ఇది కొత్తది. పాతది పోయింది. పోలేదు, ఇచ్చాను."

"ఎవరికి?"

"తెలీదు." వాడు తల ఎత్తలేదు. "ఆఖరి రోజు లోపల వాల్వు బిగిస్తున్నాను. బల్బు ఆరిపోయింది. వెనకనుంచి భుజం మీంచి ఒక చెయ్యి వచ్చింది, ఇట్లా, అరచెయ్యి చాపి. పూత వాళ్ళలో ఎవడో మేకు కొట్టడానికి అడుగుతున్నాడనుకుని పానా పెట్టాను. చీకట్లో పనిచేసేటప్పుడు మొహాలు చూడమక్కా, చేతులే చూస్తాం. చెయ్యి అడిగితే చెయ్యి ఇచ్చేస్తుంది. తరవాత పైనుంచి పిలిచారు, ఎక్కేశాను."

"అయితే వాడే లోపల ఉండిపోయాడు. ఇంతసేపు కూర్చుని మాట్లాడతావేంరా?"

"ఆ చెయ్యి తడిగా ఉందక్కా." వాడు అప్పుడు నావంక చూశాడు. "బొట్లు నా భుజం మీద పడ్డాయి. ట్యాంకులో అప్పటికి ఎన్నాళ్ళుగానో చుక్క నీరు లేదు. పూత కూడా ఆరిపోయింది."

మా తమ్ముడు కథలు చెప్పే రకం కాదు. వాడితో ఒక అబద్ధం ఆడించాలంటే ముందు రోజే నేర్పిపెట్టాలి.

మర్నాడు పొద్దున మామయ్య షాపు తెరవకముందే వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. మొహంలో పెద్ద బరువు దిగిపోయినట్టు ఉంది. ఇంటి దగ్గర చెత్తబుట్ట మొత్తం మొదటినుంచీ విన్నాడట.

"మనిషి కాదమ్మా. నిశ్చింతగా ఉండు. మొట్టమొదట మనం ఆ చుట్టుపక్కల రికార్డు చేసినప్పటినుంచీ ఉంది ఆ చప్పుడు. అప్పటికి ఆ ట్యాంకు మూతల మీద ముళ్ళపొదలే తప్ప మనిషి అడుగు పడలేదు. ఇన్నేళ్ళు ఏ మనిషి బతుకుతాడు లోపల? మిషనే. ఎక్కడో పాత పంపుది."

నాకూ ఊపిరి తేలికయింది, దాచుకోను. డాక్టరమ్మకీ తమ్ముడికీ ఫోను చేసి రమ్మన్నాం. ఆవిడ వచ్చి, కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, పాత చప్పుళ్ళూ కొత్త చప్పుళ్ళూ పక్కపక్కన పెట్టించుకుని వింది. పన్ను గట్టిగా ఉందో బోలుగా ఉందో చిన్న కడ్డీతో తట్టి చెవితోనే చెప్పే మనిషి. ఆవిడ చెవి మీద నాకు గురి.

"మామయ్యగారూ, రెండూ ఒకటి కాదు."

"వరస ఒకటే కదమ్మా. రెండు, ఆగి రెండు."

"వరస ఒకటే. కొడుతున్న వస్తువు వేరు. మూత వేసిన తరవాతవి ఇనుముతో ఇనుము మీద కొట్టినవి. పాతవన్నీ..." ఆవిడ కళ్ళు తెరిచి ఆగిపోయింది. చేతి గుడ్డతో మూతి తుడుచుకుంది. "ఈ చప్పుడు నాకు రోజూ అలవాటు. లోహం మీద ఎముక తగిలితే ఇట్లా ఉంటుంది."

గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది. కాగితం కట్టల అంచులు లేచి పడుతున్నాయి. మామయ్య లేచి ఫ్యాను ఆపేశాడు, ఎందుకో ఆయనకీ తెలీదు.

"ఇంకోటి కూడా," అంది ఆవిడ. "మొదటివి చాలా దూరంగా ఉన్నాయి. ఒక్కోదానికీ కాస్త దగ్గరవుతోంది."

అదిగో, ఇక్కడే నాలుగు రకాల మనుషులు నాలుగు దారులు పట్టారు. మామయ్య చెత్తబుట్ట చెరిపేద్దామన్నాడు. డాక్టరమ్మ ఇంకా రికార్డు చేద్దామంది. తమ్ముడు వెళ్ళి ట్యాంకు మూత మీద కూర్చున్నాడు. నేను రికార్డరు సంచిలో వేసుకుని నీళ్ళ ఆఫీసుకి నడిచాను. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు, ఇంజనీర్ల మీదా లేదు. కానీ మూత తీసే అధికారం ఆ రెండోవాళ్ళ దగ్గరుంది.

ఇంజనీరు గారి గది మీకు తెలుసు. అద్దం కింద పాత మ్యాపు, కిటికీలో ఎండిన మొక్క. నేను అర్జీలతో చాలాసార్లు వెళ్ళాను కాబట్టి నన్ను చూడగానే ఆయన కలానికి మూత పెట్టేస్తాడు.

"ఈసారి దేని మీదమ్మా?"

"దేని మీదా కాదు సార్. కాస్త వినండి చాలు."

తగిలించాను. విన్నాడు. గుటక పడింది. కానీ ఆయన ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోతే ఇంకోలా ఉండేది. హెడ్‌ఫోన్లు తీసి, మెల్లగా బల్ల మీద పెట్టి, "అదా" అన్నాడు.

"అదా అంటే ఏంటి సార్?"

"అది ఎప్పుడూ ఉండేదే. నేను ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఉంది. నాకు ముందు పనిచేసినాయనా విన్నాడు. మా వాళ్ళు పాతాయన అంటారు దాన్ని. పాతాయన లేచాడు, పాతాయన పడుకున్నాడు, అట్లా. అలవాటైపోతుంది."

"ఎవరూ మూత తీసి చూడలేదా?"

"చూస్తే ఏం కనిపించిందో రాయాలి కదమ్మా. చూడకపోతే రాయక్కర్లేదు."

"మొన్న పని చేయించినప్పుడు తీశారు కదా."

"పగలు తీశాం, పది మంది దిగారు, గోలగోలగా ఉంది. చప్పుడు లేదు. ఎవరూ లేరని రాశాం."

"మా తమ్ముడి పానా లోపల ఎవరో తీసుకున్నారు సార్. ఆ పానాతోనే కొడుతున్నారు."

"కొత్తది ఇప్పిస్తాను."

"పానా గొడవ కాదు సార్, మనిషి గొడవ. ఒక్కసారి మూత తీయించండి."

"ఎవరి మనిషి? మా ఫిట్టర్లందరూ ఉన్నారు. మేస్త్రి తన వాళ్ళందరూ ఉన్నారన్నాడు. తప్పిపోయాడని ఎవరైనా వచ్చి చెప్పారా? ఎవరూ వెతకని మనిషిని నేనెట్లా వెతకను?" ఆయన గొంతు తగ్గించాడు. నాకు మేలు చేస్తున్నట్టు ముందుకి వంగాడు. "ఒక్క మాట చెప్తాను. మా పెద్దవాళ్ళు నాకు చెప్పిందే. కొడితే కొట్టనీ. జవాబు మాత్రం ఇవ్వకండి."

"ఇచ్చేశాం సార్."

"ఏమని?"

"విన్నాం అని."

ఇంజనీరు గారు లేచి కిటికీ దగ్గరికెళ్ళాడు. అక్కణ్ణుంచి ట్యాంకు కనిపిస్తుంది. మూత మీద కూర్చున్న మా తమ్ముడూ కనిపిస్తాడు. తరవాత ఫోను తీసి, నా ముందే, నేనొక కుర్చీనో బీరువానో అన్నట్టు, నీళ్ళు వదిలే పనిని రేపు పొద్దున్నకి మార్చమని చెప్పాడు. వాల్వు తిప్పడానికి ఎవరని అవతలివాళ్ళు అడిగినట్టున్నారు. మా తమ్ముడి పేరే చెప్పాడు. వాడి బీటే కదా అది.

అర్థమైందా మీకు? ఎవరూ లేరని నమ్మితే తొందరెందుకు? ఎవరో ఉన్నారని తెలిసే, మేం విన్నామని అవతలవాడికి తెలిసిందని తెలిసే, నీళ్ళతో నోరు మూయించాలని చూస్తున్నారు. అదీ మా తమ్ముడి చేత్తో. ఏ చేత్తో పానా ఇచ్చాడో ఆ చేత్తోనే వాడు ఆ వాల్వు తిప్పాలి. వాడికి మీరు వేసిన శిక్ష ఏంటో మీకు తెలుసా? బతికినన్నాళ్ళూ ఏ కుళాయి విప్పినా వాడు ముందు ఆ గొట్టానికి చెవి ఆనించాల్సిందే.

సాయంత్రం నేను ట్యాంకు దగ్గరికెళ్ళేసరికి అక్కడ డాక్టరమ్మ ఉంది, మామయ్య కూడా ఉన్నాడు. చెరిపేద్దామన్న మనిషి బిళ్ళలన్నీ సంచిలో వేసుకొచ్చి మూత చుట్టూ అంటిస్తున్నాడు. మైనం జారిపోతుంటే మళ్ళీ నొక్కుతున్నాడు.

"నా సూత్రం తప్పు కాదమ్మా," అన్నాడు నన్ను చూసి. "తప్పకుండా వచ్చేది మిషనే. కానీ ఇంకోటి కూడా తప్పకుండా వస్తుందని నేననుకోలేదు. ఎవరూ వినకపోయినా కొడుతూనే ఉండేవాడు."

"మిషనో మనిషో తేలిందా?"

"తెరిస్తే గానీ తేలదు."

తమ్ముడు చెయ్యెత్తి మమ్మల్ని ఊరుకోమన్నాడు. బిళ్ళలతో పనిలేకుండానే వినిపించింది. మూతకి సరిగ్గా కింద. ఇంత దగ్గరనుంచి ఎప్పుడూ రాలేదు. మేం ఇన్నాళ్ళూ విన్న రెండు, ఆగి రెండు కాదు.

ఠంగ్. ఠంగ్. ఠంగ్.

తమ్ముడు నిలబడ్డాడు. వెనక్కి అడుగెయ్యలేదు. ఆఫీసు షెడ్డులోకి వెళ్ళి ఇనుప నిచ్చెన భుజాన వేసుకొచ్చాడు. మూత పక్కన నిలబెట్టి, రెండు చేతులా పట్టుకున్నాడు. దిగడానికి దారి లేని నిచ్చెన, కింద సిమెంటు.

"ఎవరొస్తారో తెలీకుండా పట్టుకుంటావేంరా?" అన్నాడు మామయ్య.

"ఎవరని అడక్కూడదు మామయ్యా. అదే కదా పద్ధతి."

సాయంత్రం వెలుగులో మూత చుట్టూ పూసిన సిమెంటు చూశాను. అంతా ఆరి తెల్లబడి ఉంది, ఒక్క చోట తప్ప. ఒక అంచున అరచేతి మేర తడి. కింది నుంచి పైకి ఊరుతోంది.

ఇంటికొచ్చి ఇది రాశాను. నా మిషను మీద ఎన్ని కాపీలు వస్తే అన్ని తీస్తున్నాను. ఇది మీ చేతికొచ్చేసరికి మా తమ్ముడు ఇంకా ఆ నిచ్చెన పట్టుకునే ఉంటాడు. వాల్వు తాళంచెవి వాడి జేబులోంచి ఎవరూ తీసుకోలేరు, నేను చెప్తున్నాను. కానీ ఆఫీసులో ఇంకో తాళంచెవి ఉంది.

నాతో దయ్యాల గురించి వాదించకండి. దయ్యమైతే దయ్యమని రాయండి, చూసి రాయండి. పంపయితే పంపు తీసి వీధిలో పెట్టండి, మామయ్యే తన స్టాంపు విరగ్గొట్టుకుంటాడు. అడ్డా మీంచి తెచ్చిన మనిషైతే, పాతవాడైనా, కొత్తవాడైనా, మీ లెక్కల్లో ఎప్పుడూ లేనివాడైనా, వాడు నీళ్ళు ఆపమన్నాడు, మీరు వదులుతున్నారు.

మేస్త్రీ, నువ్వు అడ్డాకి పో. నీతో దిగినవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ మొహం చూసి తీసుకురా, తాపీలు చూసి కాదు. ఇంజనీరు గారూ, రెండో తాళంచెవి తెచ్చి ఈ షాపు బల్ల మీద పెట్టండి, సంతకం నేనే పెట్టుకుంటాను. వీధిలో సుత్తి ఉన్నవాళ్ళు సుత్తి పట్టుకోండి, గునపం ఉన్నవాళ్ళు గునపం, ఏమీ లేనివాళ్ళు దీపాలు పట్టుకోండి. తెల్లారకముందే రండి. నీళ్ళు ఆపండి. సిమెంటు పగలగొట్టి మూత తీయండి. మా తమ్ముడికి చేతులు నొప్పెడుతుంటాయి, ఎవరైనా వెళ్ళి ఆ నిచ్చెనకి రెండో వైపు పట్టుకోండి.